పౌను మాంసము: వెనీసు వర్తకుని నాటకముపై నొక పాఠము

మన దేశపు ఉన్నత పాఠశాలలలో తరతరములుగా చదువబడుచు వచ్చిన ఆంగ్ల నాటకములలో షేక్స్పియరు మహాకవి రచించిన 'వెనీసు వర్తకుడు' ఒకటి. నాటకమంతయు చదువనివారికి సైతము అందలి న్యాయస్థాన రంగము తెలియును. కత్తియు త్రాసును చేతబట్టిన షైలాకు, న్యాయవాది వేషమున వచ్చిన పోర్షియా, రొమ్ము చూపి నిలిచిన ఆంటోనియో అను నీ మూడు బొమ్మలు ఒకమాఱు చూచినవారి మనస్సును విడిచిపోవు. "పోర్షియా బుద్ధికుశలతను వర్ణింపుము" అని పరీక్షలో ప్రశ్న వచ్చుటయు, మనము పది పంక్తులు వ్రాసి మార్కులు సంపాదించుకొనుటయు వాడుకయైపోయినది. ఆ పది పంక్తులను నేనిచ్చట మరల వ్రాయబోను. ఆ రంగము చివర షైలాకు నోట వెడలు ఒక చిన్న మాటను విద్యార్థులు సాధారణముగా దాటిపోవుదురు. దానిని పట్టుకొని చూచినచో, నాలుగు వందల యేండ్లనాటి యీ విదేశ నాటకము మన కోసిగి రేగడి చేలలోను, ఎమ్మిగనూరు మగ్గపు గుంతలలోను నడచిన వ్యవహారమువలెనే కానవచ్చును. ఆ మాటకు వచ్చుటకు ముందు కథను క్లుప్తముగా జ్ఞప్తికి తెచ్చుకొందము.

వెనీసు నగరమున ఆంటోనియో అను వర్తకుడు గలడు. అతని స్నేహితుడు బస్సానియో, బెల్మాంటులోని పోర్షియా యను గొప్పయింటి కన్యను వరింపగోరి, వ్యయమునకై సొమ్మడిగెను. ఆంటోనియో ధనమంతయు సముద్రముమీది యోడలలో నున్నది. కావున నతడు యూదుడగు షైలాకునొద్ద మూడు వేల డుకాటులు మూడు నెలల గడువునకు అప్పు చేసెను. వెనీసు బంగారు డుకాటు సుమారు మూడున్నర గ్రాముల తూకము గలది. ఆ యప్పు ఇంచుమించు 900 తులముల బంగారమని లెక్కలలో ఆసక్తిగలవారు వేసి చూచుకొనవచ్చును. షైలాకు ఈ సొమ్మునకు వడ్డీ యడుగలేదు. గడువు తప్పినచో ఆంటోనియో దేహమునుండి ఒక పౌను, అనగా 454 గ్రాముల మాంసము కోసికొందునని పత్రము వ్రాయించుకొనెను. ఇది వేడుకకు పెట్టిన షరతని చెప్పెను. తరువాత ఓడలు మునిగినవని వార్త వచ్చెను, గడువు తప్పెను. ఇంతలో షైలాకు కూతురు జెస్సికా తండ్రి సొమ్మును నగలను తీసికొని క్రైస్తవ యువకుడగు లోరెంజోతో వెడలిపోయెను. దానితో వేడుక షరతు పగ షరతయ్యెను. బంగారు, వెండి, సీసపు పెట్టెల కథయు, తుది యంకమందలి ఉంగరముల వినోదమును నాటకమును సుఖాంతము చేయునవి. వానిని గ్రంథముననే చదువుకొనుట మేలు.

ఈ నాటకము 1596, 1597 సంవత్సరముల ప్రాంతమున రచింపబడి 1600లో మొదటిసారి అచ్చుపడెను. మాంసపు పత్రపు కథ షేక్స్పియరు కల్పన గాదు. 1558లో ఇటలీలో అచ్చయిన 'ఇల్ పెకొరోనె' యను కథల సంపుటమున నది యున్నది. అయినను అప్పుల సంగతి కవికి పుస్తకములవలననే తెలియవచ్చినదని తలపరాదు. ఆయన తండ్రి జాన్ షేక్స్పియరు వడ్డీకి సొమ్మిచ్చెనని 1570లో అభియోగమునకు గుఱియయ్యెను. ఆనాడు ఇంగ్లండున వడ్డీ పుచ్చుకొనుట నేరము. మఱుసటి యేడే, 1571లో, నూటికి పది వఱకు వడ్డీని సహించు శాసనము వచ్చెను. కవి సైతము 1608లో తనకు రావలసిన కొద్దిపాటి బాకీకై యొకనిపై వ్యాజ్యము వేసి నడిపించెను. వడ్డీ వ్యాపారిని నాటకశాలలో చూచి హేళన చేసిన జనులే యింటికి పోయి పొరుగువానికి వడ్డీకి సొమ్మిచ్చుచుండిరన్న మాట.

ఇక యూదుల సంగతి. ఇంగ్లండునుండి యూదులను 1290లో వెడలగొట్టిరి. 1656 వఱకు వారికి అచ్చట బహిరంగముగా వసించు హక్కు లేదు. కావున షేక్స్పియరు నాటకము చూచిన వారిలో పెక్కుమంది యూదుని కన్నులారా కనియెఱుగరు. వెనీసులో 1516నుండి యూదులను 'గెట్టో' అను పేటలో నుంచి రాత్రులందు తలుపులు మూసెడివారు. అనేక వృత్తులు వారికి నిషిద్ధములు. ఒక జాతివారిని ఇతర వృత్తులు చేయనీయక వడ్డీ వ్యాపారమున నిలిపి, పిమ్మట వడ్డీ వ్యాపారులని దూషించుట న్యాయము కాదని విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. షైలాకును చూపి యూదులందఱిని ద్వేషింపజేయుటకు ఈ నాటకమును వాడుకొన్నవారు లేకపోలేదు. 1943లో, యూరపు ఖండమున యూదులు లక్షలకొలది చంపబడుచున్న కాలముననే, నాజీల యేలుబడిలోని వియన్నా నగరమున దీనిని ఆ యుద్దేశముతో ప్రదర్శించిరి. కనుక షైలాకును ఒక జాతికి ప్రతినిధిగా గాక, చేత పత్రము గల ఒక ఋణదాతగా చూచుచు చదువవలెనని నా మనవి. అట్లు చదివినప్పుడే అతడు మనకు తెలిసినవాడగును.

ఋణదాత లేని గ్రామము మన సీమలో నెచ్చటను లేదు. ఉండకూడదనుటయు సులభము గాదు. కోసిగి, ఆదవాని, ఎమ్మిగనూరు ప్రాంతమున వానలు తక్కువ. వచ్చినను వేళకు రావు. విత్తనమునకు, ఎరువునకు, కూలికి సొమ్ము ముందు కావలెను. పంట వెనుక వచ్చును, లేదా రాదు. ఈ నడుమ కాలమును దాటించువాడు షావుకారు. అతడు లేనిచో అనేక సంవత్సరములు చేలు బీడుపడెడివి. అతనిని రాక్షసునిగా చిత్రించుట నాటకమునకు సులభము, గ్రామమునకు గాదు. చిక్కు అంతయు పత్రములో నున్నది.

ఆ పత్రమును గూర్చి యొక లెక్క వేయుదము. మన ప్రాంతమున 'రెండు రూపాయల వడ్డీ' యన్నచో నూటికి నెలకు రెండు, ఏటికి ఇరువది నాలుగు. ప్రోనోటు వ్రాసిన మూడేండ్లలోపల వ్యాజ్యము వేయకున్నచో అది కాలదోషము పట్టును. కాబట్టి మూడవయేట నోటును తిరగవ్రాయుదురు. తిరగవ్రాయునపుడు వడ్డీ అసలులో కలిసిపోవును. నూఱు రూపాయలు పుచ్చుకొన్నవాడు ఏమియు చెల్లింపనిచో మూడేండ్లకు 172 రూపాయలకు క్రొత్త నోటు వ్రాయును. ఆఱేండ్లకు అది 295 రూపాయల 84 పైసలగును. తొమ్మిదేండ్లకు 508 రూపాయల 84 పైసలు. మూడవ నోటును న్యాయస్థానమునకు దెచ్చినచో అందు 'నేను 295 రూపాయల 84 పైసలు రొక్కముగా పుచ్చుకొంటిని' అనియే యుండును. అతని చేత నెన్నడో పడిన నూఱు రూపాయల మాట ఆ కాగితమున నెచ్చటను కానరాదు. క్రింద వేలిముద్ర యుండును. పత్రము నిజము, ముద్ర నిజము, సాక్షులు నిజము. షైలాకు పత్రమువలెనే ఇదియు అక్షరమునకు అక్షరము సరియైనది.

ఇట్టి పత్రముతో షైలాకు న్యాయస్థానమునకు వచ్చెను. ఈ రంగము మన సీమవారికి మిక్కిలి నచ్చుటలో వింత లేదు. ఆదవాని తాలూకా 1953 అక్టోబరు 1వ తేది వఱకు బళ్ళారి జిల్లాలోనిది. ఆ బళ్ళారి పట్టణమున తెలుగు నాటకరంగమును నిలిపిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు, కోలాచలము శ్రీనివాసరావుగారు, బళ్ళారి రాఘవాచార్యులవారు ముగ్గురును న్యాయవాదులే. రాఘవగారు షేక్స్పియరు నాటకములను ఆంగ్లముననే ప్రదర్శించిన మేటి నటులు. పగలు న్యాయస్థానమున వాదించి రాత్రి రంగస్థలమున వేషము కట్టినవారికి ఈ నాటకపు నాల్గవ యంకము ఎంత దగ్గఱిదిగా తోచియుండునో మనము ఊహించుకొనవచ్చును.

పోర్షియా మొదట షైలాకును కనికరింపుమని వేడుకొనును. కనికరము బలవంతముగా రాదగినది కాదనియు, ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని అది మేలనియు ఆమె వాదము. ఈ భాగమును మన విద్యార్థులు కంఠస్థము చేయుదురు, సంతోషమే. కాని ఆమె ప్రసంగమునకు ఫలమేమి? ఏమియు లేదు. షైలాకు చెవిని పెట్టలేదు. 'నాకు చట్టము కావలెను' అనెను. అప్పటికి బస్సానియో రెండింతల సొమ్మిత్తునని పలికియే యుండెను. ఆంటోనియో ప్రాణము కాపాడినది ఆ మనోహరమైన ప్రసంగము గాదు. పత్రమున మాంసమని యున్నదే గాని రక్తమని లేదనియు, ఒక పౌనునకు వెండ్రుకవాసి యెక్కువ తక్కువ కాగూడదనియు పోర్షియా చేసిన అర్థనిర్ణయము కాపాడినది. అక్షరమును పట్టుకొన్నవానిని ఆమె అంతకంటె గట్టిగా అక్షరమును పట్టుకొని ఓడించెను. ఇది యుక్తియని మెచ్చుకొందము. కాని ప్రతి ఋణగ్రస్తునికిని ఒక పోర్షియా దొరకునా? గ్రామమున నోటు వ్రాసినవాని పక్షమున వేషము మార్చుకొని యెవ్వరు వత్తురు?

మన తెలుగున ఇచ్చట నొక చమత్కారమున్నది. ఆంగ్లమున న్యాయమునకును దయకును వేర్వేఱు మాటలున్నవి, నాటకమంతయు ఆ రెంటి పోరాటమే. మనకో, న్యాయాధిపతి కూర్చుండు పీఠము ధర్మాసనము. వాకిట నిలిచిన బిచ్చగాడు కోరునదియు ధర్మమే. ఒక్కటే మాట. దానిని బలుకునపుడు రెండు చేతులు మన కన్నుల యెదుట నిలుచును, తూచు చేయియు, ఇచ్చు చేయియు. మాట యొకటైనంతమాత్రమున మన ధర్మాసనములు దయగలవని గర్వింపరాదు. హరిశ్చంద్రుని వెంటబడిన నక్షత్రకుడు మన కథలోనివాడే. అప్పుకై మనిషిని పీడించువానికి నేటికిని మన యిండ్లలో నక్షత్రకుడనియే పేరు.

త్రాసు కథయు మనకున్నది. శిబిచక్రవర్తి శరణుజొచ్చిన పావురమును కాపాడబూనగా, డేగ యెదుర్కొని, ఈ పావురము నాకు విధి యేర్పఱచిన ఆహారము, దీనిని నీవు తీసికొన్నచో నేనును నా పిల్లలును చత్తుమని వాదించెను. శిబి ఆ వాదమును త్రోసివేయలేదు. డేగ హక్కు హక్కేయని యొప్పుకొని, పావురముతో సరితూగు మాంసమును తన తొడనుండి కోసి త్రాసున వేసెను; చాలకపోగా తానే త్రాసునెక్కెను. వెనీసు సభలో షైలాకు త్రాసు తెచ్చినది ఇతరుని మాంసమునకై. ఈ రెండు త్రాసులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో విద్యార్థులకు పరీక్షాపత్రమున వ్రాయదగిన సంగతి చాల దొరకును. నేను మాత్రము డేగ మాటను విడువజాలకున్నాను. ఆహారము తీసినచో ప్రాణము తీసినట్లే యని అది చెప్పినది.

నేను మొదట సూచించిన షైలాకు మాట సరిగా ఇదియే. వ్యాజ్యము తలక్రిందులైన పిదప, వెనీసు పౌరుని ప్రాణమునకు హాని తలపెట్టిన పరదేశి యగుటచేత అతని ఆస్తిలో సగము ఆంటోనియోకును సగము ప్రభుత్వమునకును చెందునని తీర్పగును. ప్రాణము మాత్రము దయతో విడిచిపెట్టుదుమని ప్రభువు పలుకును. అప్పుడు షైలాకు, బ్రతుకుతెరువును తీసికొన్నప్పుడే మీరు నా ప్రాణమును తీసికొన్నవారగుదురు, ఇక దానిని విడుచుటెందుకు అని అర్థము వచ్చునట్లు సమాధానమిచ్చును. అంతకు ముందు వఱకు అతనిపై మనకు జాలి కలుగదు. ఈ మాటతో సభలో నిలిచిన వారందఱికంటె అతడే నిజమును దగ్గఱగా చెప్పినవాడగును. పౌను మాంసమనగా నేమో ఇప్పుడు తెలిసినది. మనిషి దేనిచే బ్రతుకుచున్నాడో అదియే గుండెకు దగ్గఱి మాంసము.

ఈ భావము షైలాకునకు క్రొత్తది గాదు. అతని పూర్వుల ధర్మశాస్త్రమున నున్నదే. తిరుగలిని గాని తిరుగటి పైరాతిని గాని తాకట్టుగా పట్టగూడదని ద్వితీయోపదేశకాండమున మోషే యాజ్ఞ. అది మనిషి జీవనాధారమును తాకట్టు పట్టుటయగునని అందు కారణమును చెప్పబడినది. పేదవాని వస్త్రమును కుదువబెట్టుకొన్నచో ప్రొద్దుగ్రుంకకమునుపే తిరిగి యియ్యవలెనని నిర్గమకాండమున నున్నది, రాత్రి కప్పుకొనుటకు అతనికి వేఱొకటి లేదు గనుక. పత్రము పట్టుకొని సభకు వచ్చిననాడు షైలాకు ఈ యాజ్ఞలను మఱచెను. తన తిరుగలిని ఇతరులు ఎత్తుకొనిపోవునపుడు అతనికవి జ్ఞప్తికి వచ్చినవి.

మన దేశపు సివిలు ప్రొసీజరు కోడు 1908వ సంవత్సరమునాటిది. అందలి 60వ సెక్షనును విద్యార్థులు వినియుండరు, తలిదండ్రులలో కొందఱు విని యుండవచ్చును. డిక్రీ పొందిన ఋణదాత జప్తు చేయగూడని వస్తువులను ఆ సెక్షను పేర్కొనును. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు ఆ పట్టికలో నున్నవి. వృత్తిపనివాని పనిముట్లు ఉన్నవి. సేద్యగాని విషయమున, అతడు బ్రతుకుటకు కావలసినవని న్యాయస్థానము తలచిన కాడిమేడి, ఎద్దులు, విత్తనపు గింజలు ఉన్నవి. అనగా ఎమ్మిగనూరు నేతపనివాని గుంతమగ్గమును, కోసిగి రైతు ఎద్దులను పట్టుకొనిపోవుటకు వీలులేదు. మోషే తిరుగలి ఇచ్చట మగ్గమై, ఎద్దై నిలిచినది. కనికరింపుమని షావుకారును వేడుకొనవలసిన పనిలేకుండ, కనికరమే చట్టమున నొక సెక్షనుగా చేరినది. పోర్షియా ప్రసంగము చేయలేకపోయిన పనిని ఈ పొడి వాక్యములు చేయుచున్నవి. చదువుటకు ఏమాత్రము రుచిగా నుండవు!

అయినను మగ్గము మిగిలినంతమాత్రమున నేతగానికి అన్నము దొరకదు, నూలు కావలెను. నూలును అప్పుగా ఇచ్చువాడే బట్టను తన ధరకు కొనువాడైనపుడు, మగ్గము ఇంటిలో నున్నను అది మఱియొకని చేతిలోనిదే. ఈ సంకటమునుండి వెలువడు మార్గమును మాచాని సోమప్పగారు చూపిరి. ఆయన 1938లో ఎమ్మిగనూరున నేతపనివారి సహకార ఉత్పత్తి విక్రయ సంఘమును స్థాపించిరి. నేతగాండ్రే సభ్యులై, నూలు సంఘమునుండి వచ్చి, బట్ట సంఘముద్వారా అమ్ముడుపోవుట ఇట్టి సంఘముల పద్ధతి. ఈ సేవకై ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము లభించెను. కనికరింపుమని ఎవ్వరినో అడుగుటకు మాఱు, అడుగవలసిన యవసరమునే తగ్గించుట ఈ మార్గము.

అదే 1938వ సంవత్సరమున, శ్రీ రాజగోపాలాచారిగారు ప్రధానమంత్రిగా నున్న మద్రాసు ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును చేసెను. మన తాలూకా అప్పుడు ఆ రాజధానిలోనిదే. 1932 అక్టోబరు 1వ తేదికి ముందు చేసిన అప్పులపై 1937 అక్టోబరు 1వ తేదినాటికి పేరుకొనియున్న వడ్డీ యంతయు ఆ చట్టముచే రద్దయ్యెను. అసలు మాత్రము చెల్లింపవలెను. అప్పటికే అసలునకు రెండింతలు చెల్లించినవానికి అసలును రద్దయ్యెను. అన్నిటికంటె ముఖ్యమైనది, నోటును ఎన్నిమాఱులు తిరగవ్రాసినను మొట్టమొదట చేత పడిన సొమ్మునే అసలుగా నెంచవలెనని యందు విధింపబడెను. పై లెక్కలోని 295 రూపాయల 84 పైసల నోటు వెనుక దాగిన నూఱు రూపాయలను న్యాయస్థానము చూడవచ్చినది. పోర్షియా కాగితములోని అక్షరమును చదివెను. ఈ చట్టము కాగితము వెనుకకు చూచెను. వడ్డీ అసలును మించరాదను నియమము మనువునాటిది. బొంబాయి రాజధాని న్యాయస్థానములలో దామ్‌దుపత్ అను పేర నది నడచుచుండెను. మనువును పొగడుటకు ముందు, వర్ణమునుబట్టి నెలకు నూటికి రెండు మొదలు అయిదు వఱకు వడ్డీ పెంచి, అట్టడుగువాని నుండి అన్నిటికంటె ఎక్కువ పుచ్చుకొనుమన్న శ్లోకమును ఆ గ్రంథముననే యున్నదని మన విద్యార్థులు తెలిసికొనవలెను.

చట్టము అప్పును రద్దు చేయగలదు, క్రొత్త అప్పును పుట్టింపజాలదు. రద్దైన నోటు చూచిన షావుకారు మఱుసటి యేడు విత్తనమునకు సొమ్మిచ్చుటకు వెనుదీయుట సహజమే. కావున ఋణవిమోచన చట్టమును, సహకార సంఘమును ఒకే యేట వచ్చుట నాకు మంచి జతగా తోచుచున్నది. ఒకటి లేక రెండవది కుంటిది.

దేహమే తాకట్టుగా నడచిన అప్పులు ఇంకను ఉండినవి. తండ్రి చేసిన బాకీకి కొడుకు షావుకారు ఇంట ఏండ్లకేండ్లు జీతముండి తీర్చుట మన పెద్దలు కన్నులార చూచినదే. పౌను మాంసమును ఒక్కమాఱుగా కోయుటకు మాఱు దినదినమును కొంచెము కొంచెముగా కోయుట యిది. 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము అట్టి చాకిరిని నిషేధించి, ఆ బాకీలను సైతము రద్దు చేసెను. 2010 అక్టోబరున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మ ఋణ సంస్థలపై ఆర్డినెన్సు చేసినపుడు, వడ్డీ పేర అసలును మించి వసూలు చేయరాదనియు, వాయిదాలను ఇంటి వాకిట గాక పంచాయతి కార్యాలయమువంటి బహిరంగ స్థలముననే పుచ్చుకొనవలెననియు విధించెను. నక్షత్రకునికి గుమ్మము మూయబడెనన్న మాట.

మన మండలమున నేడు సుగ్గికి పోవు కుటుంబములను చూడుడు. వాన తప్పిన యేట మేస్త్రీయొద్ద ముంగడ సొమ్ము పుచ్చుకొని, గుంటూరు వైపు మిరప చేలకు, పత్తి చేలకు, నగరములందలి కట్టడముల పనులకు పోవుదురు. ముంగడ సొమ్ము పుచ్చుకొనుట తప్పు గాదు, పని చేసి తీర్చుట గౌరవమే. కాని తలిదండ్రులతోపాటు తరగతిలోని పిల్లవాడును పోయినపుడు, ఆ సొమ్మునకు తాకట్టుగా నిలిచినది అతని చదువు. ఏ పత్రమునను అది వ్రాయబడి యుండదు. తరగతిలో ఖాళీయైన బల్లవలననే అది తెలియును. తలిదండ్రులారా, ముంగడ సొమ్ము మాటాడు నాడు పిల్లవానిని ఇంట నుంచి చదివించు ఏర్పాటును కూడ మేస్త్రీతోను, ఇంటి పెద్దలతోను మాటాడుడు. నోటుపై వేలిముద్ర వేయుటకు ముందు మీ బిడ్డచేత దానిని బిగ్గఱగా చదివించుకొనుడు. మొత్తమెంత, తేది యేది, వడ్డీ నెలకా ఏటికా, ఖాళీగా విడిచిన చోట్లున్నవా అని ఆఱవ తరగతి పిల్లయు చెప్పగలదు.

నాటకమునకు తిరిగి వత్తము. అందొక సంగతి మిగిలియున్నది, అది మనవంటి క్రైస్తవ పాఠశాలవారు దాటిపోగూడనిది. షైలాకును కనికరింపుమని వేడినవారు, తమ వంతు వచ్చినపుడు అతనిని ఎట్లు కనికరించిరి? ప్రాణము విడిచిరి. ప్రభుత్వమునకు రావలసిన సగమును జరిమానాగా తగ్గింపవచ్చుననిరి. ఆంటోనియో తన పాలి సగమును తాను అనుభవింపక లోరెంజో జెస్సికాలకై యుంచుదుననెను. ఇంతవఱకు బాగుగనే యున్నది. పిమ్మట ఆంటోనియో, షైలాకు వెంటనే క్రైస్తవుడు కావలెనని షరతు పెట్టెను; కాదన్నచో క్షమాపణ రద్దని ప్రభువు పలికెను. కనికరము బలవంతమున రాదని ఏ సభలో చెప్పబడెనో ఆ సభలోనే విశ్వాసము బలవంతమున వచ్చునని తలచిరి. షేక్స్పియరు కాలపు ప్రేక్షకులు దీనిని షైలాకు ఆత్మకు మేలని యెంచి యుండవచ్చును. మన మట్లు ఎంచజాలము. కత్తి యెదుట పుచ్చుకొన్న బాప్తిస్మము, పత్రము యెదుట కోసిన మాంసమువంటిదే. పదివేల తలాంతులు క్షమింపబడి, బయటికి వచ్చి, నూఱు దేనారములకై తోటిదాసుని గొంతు పట్టుకొన్న దాసుని ఉపమానమును మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమున మనము చదువుదుము. షైలాకే ఆ దాసుడని మనము ప్రసంగించు నలవాటు కలదు. నాల్గవ యంకమును నెమ్మదిగా చదివినచో ఆ దాసుని పోలికలు సభలో నెందఱియందో కనబడును.

షైలాకు తుదకు ఒప్పుకొనును. తన యనంతరము తన సొత్తంతయు కూతునకును అల్లునకును చెందునట్లు పత్రము వ్రాయుడందురు. తనకు ఒంట్లో బాగుగా లేదనియు, పత్రమును ఇంటికి పంపినచో సంతకము చేసెదననియు చెప్పి అతడు వెడలిపోవును. మరల రంగస్థలమున కనబడడు. అయిదవ యంకమున వెన్నెలలో, సంగీతము నడుమ, నెరిస్సా ఆ పత్రమును తెచ్చి లోరెంజో చేతికిచ్చును. సంతకము చేయునపుడు షైలాకు దానిని చదివెనో లేదో కవి చెప్పలేదు.